ఊరుమ్మడి నేలలో పూలమొక్క

ధవళేశ్వరం దాటి రావులపాలెం వైపు సాగే బాటకు ఇరువైపులా నర్సరీలు బారులు తీరి ఉన్నవి. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు - ఈ ఊళ్ళ పేర్లు చెప్పగానే దేశములో మొక్కల వర్తకము తెలిసినవారికి పూలవనాలు కళ్ళకు కడతవి. ఇక్కడ అంటు కట్టిన మామిడి, ఇక్కడ సంచిలో వేళ్ళు తొడిగిన గులాబీ, లారీలకెక్కి ఎన్నో రాష్ట్రాలకు వెళ్ళుతున్నవి. పెద్ద పెద్ద నగరాలలోని ఉద్యానవనాలు, మేడల ముంగిళ్ళు, రహదారుల నడిమి పచ్చని పట్టీలు గోదావరి ఒండ్రు మట్టిలో పుట్టిన మొక్కలతో కళకళలాడుతున్నవి.

అదే బాటన నాలుగడుగులు పక్కకు తిరిగి, డెల్టాలో ఏదో ఒక ఊరి కాలువగట్టు మీద నిలబడి చూడండి. కొబ్బరి డొక్కలు, పాత చీపుళ్ళు, విరిగిన మట్టిపాత్రలు, ప్లాస్టిక్ సంచులు, చినిగిపోయిన ఫ్లెక్సీ గుడ్డలు గుట్టలుగా పడి ఉంటవి. బస్సు దిగేచోట, సంత వెనుక, శ్మశానము దారిలో, వంతెన మొదట్లో ఇదే దృశ్యము. దేశానికి పూలమొక్కలు పంపే సీమ తన ముంగిట మాత్రము పెంటకుప్పను పెంచుకుంటున్నది. ఈ వైరుధ్యము ఎందువల్ల వచ్చినది, దానిని తొలగించుకొనుటకు మన చేతిలో ఉన్న ఉపాయమేమి అన్నదే ఈ ప్రసంగ విషయము.

పాశ్చాత్య దేశాలలో ఒక వింత మాట వాడుకలో ఉన్నది. దానిని గెరిల్లా తోటపని అంటారు. గెరిల్లా అన్నది స్పానిష్ మాట. చిన్న యుద్ధము అని దాని అర్థము. నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి ప్రజలు పెద్ద సైన్యము లేకుండానే, గుట్టల చాటునుంచి, రాత్రివేళ చీకటిలోనుంచి శత్రువును ఎదిరించిన పద్ధతికి ఆ పేరు వచ్చినది. ఎవరి అజమాయిషీ లేక పాడుపడిన బహిరంగ స్థలములో, ఎవరూ అడగకపోయినా, ఎవరి ఉత్తరువూ లేకపోయినా వెళ్ళి మొక్క నాటి రావడము గెరిల్లా తోటపని. ఇందులో శత్రువు మనిషి కాదు, మనుషులలోని నిర్లక్ష్యము.

1973లో న్యూయార్కు నగరములో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె స్నేహితులు ఈ పనికి పూనుకున్నారు. ఆనాడు ఆ మహానగరములో ఎన్నో ఇళ్ళు కూలి, ఖాళీ స్థలాలు చెత్తకు నిలయాలైనవి. వీరు విత్తనాలు, ఎరువు కలిపిన ఉండలు చేసి కంచెల మీదుగా ఆ స్థలాలలోకి విసరినారు. బవరీ, హ్యూస్టన్ వీధుల కూడలిలో చెత్తతో నిండిన ఒక స్థలాన్ని శుభ్రపరచి, మట్టి పోసి తోట వేశారు. మరుసటి సంవత్సరము నగరపాలకులే దిగివచ్చి ఆ స్థలాన్ని నెలకు ఒక్క డాలరు అద్దెకు వారికి ఇచ్చినారు. ఆ తోట ఇప్పటికీ ఉన్నది. దానికి ఆమె పేరే పెట్టినారు. లండనులో రిచర్డ్ రెనాల్డ్స్ అనే యువకుడు 2004లో తాను నివసించే ఎత్తయిన భవనము ముందు పాడుపడిన పూలమళ్ళను రాత్రివేళ తవ్వి బాగుచేయడము మొదలుపెట్టి, ఈ పనికి లోకమంతటా ప్రచారము తెచ్చినాడు.

ఇంతకు పూర్వము కూడా ఇటువంటి ప్రయత్నము ఒకటి జరిగినది. 1649లో ఇంగ్లండులో జెరార్డ్ విన్‌స్టాన్లీ అనుచరులు ఊరుమ్మడి నేలలో దుంపలు, చిక్కుళ్ళు వేసి పేదలు పండించుకొనవచ్చునన్నారు. కొద్ది నెలలలోనే వారిని ఆ గుట్టనుంచి వెళ్ళగొట్టినారు. కనుక బహిరంగ స్థలములో మొక్క నాటడము కేవలము వినోదము కాదు. ఈ నేల ఎవరిది అన్న ప్రశ్న ఆ మొక్కతోపాటే మొలుస్తుంది.

పేరు మనకు కొత్తదే గాని పని మనకు కొత్తది కాదు. అశోక చక్రవర్తి బాటల వెంట మర్రిచెట్లు, మామిడితోపులు నాటించినట్లు ఏడవ స్తంభశాసనములో చెప్పుకున్నాడు. అది ప్రభువు చేసిన పని. మన పెద్దలు చెప్పిన సప్తసంతానాలలో కొడుకుతోపాటు చెరువుకు, గుడికి, కావ్యానికి, వనానికి కూడా స్థానము ఉన్నది. అది సంపన్నులు చేసిన పని. ఇక ప్రతి ఊళ్ళోను రచ్చబండ మీద రావి వేప జంటగా పెరిగి నీడనిస్తున్నవే, వాటిని నాటినవారి పేరు ఏ శాసనములోను లేదు. ఎవరో ఒక ముసలమ్మ వంకాయల మడికి పోసిన చెంబెడు నీళ్ళలో మిగిలినవి ఆ మొక్కకు పోసి ఉంటుంది. పశువులు తినకుండా ఎవరో ఒక పాలేరు తుమ్మకంప చుట్టి ఉంటాడు. ఎవరి సెలవూ వారు అడిగి ఉండరు.

చలివేంద్రము సంగతి చూడండి. ఎండలు ముదరగానే నాలుగు వెదుళ్ళు పాతి, తాటాకు కప్పి, కొత్తకుండలు పెట్టి, బాటసారికి నీళ్ళు పోసే ఆచారము మనకున్నది. దానికి దరఖాస్తు వ్రాసినవారిని మనము ఎరుగుదుమా? బాట ఎవరిదైనా దాహము అందరిదీ అని మనకు తెలుసు. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు వచ్చినవారికల్లా అన్నము పెట్టినది ఏ ఉత్తరువు వల్లనూ కాదు. దాహానికి, ఆకలికి ఉన్న ఈ ధర్మము కంటికి, నీడకు కూడా చెందునని గ్రహిస్తే చాలు. గెరిల్లా తోటపని మన ఇంటిపనే అవుతుంది.

మరి మన గట్లు ఇట్లా ఎందుకైనవి? 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టతో డెల్టాలో కాలువలు విస్తరించినవి. చిరకాలము ఆ కాలువలే మనకు రహదారులు. ధాన్యపు పడవలు, ప్రయాణికుల పడవలు వాటిమీదనే సాగేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టుమీద నడుస్తూ తాళ్ళతో పడవను లాగేవారు. అందువల్ల గట్టు మనిషి నడిచేచోటు. ఊరి ముఖము కాలువ వైపు ఉండేది. లాకుల దగ్గర చెట్లనీడ, అరుగు ఉండేవి. తరువాత బస్సులు, లారీలు వచ్చినవి. పడవలు పోయినవి. ఊరు కాలువకు వీపు తిప్పి రోడ్డువైపు ముఖము పెట్టినది. వీపువైపున ఏమి పడినా కంటికి కనపడదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదని సామెత. గట్టు నీటిపారుదల శాఖది, రోడ్డు రహదారుల శాఖది, చెత్త పంచాయతీది, ఆ మూడింటి సందున ఉన్న నాలుగు గజాల నేల ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని నేలలో అందరూ చెత్త పోయవచ్చునని మనము అనుకున్నాము. అందరిదీ అయిన నేలలో ఎవరైనా మొక్క నాటవచ్చునని మాత్రము అనుకోలేదు.

ఇట్లా అనుకున్నవారు మన పొరుగు డెల్టాలో ఉన్నారు. కృష్ణా జిల్లాలో చల్లపల్లి అనే ఊరున్నది. అక్కడ వైద్యవృత్తిలో ఉన్న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు, వారి మిత్రులు 2014 నవంబరులో ఒక పని ఆరంభించినారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, చీపుళ్ళు, పారలు, గంపలు పట్టుకొని ఊరి బాటలమీదికి రావడము, ఇంచుమించు ఆరు గంటలదాకా పనిచేసి ఎవరి ఉద్యోగానికి వారు వెళ్ళడము. మొదట ఊడ్చినారు. తరువాత మురుగుకాలువల గట్లు చదును చేశారు. ఊడ్చిన చోట మళ్ళీ చెత్త పడకుండా ఉండవలెనంటే అక్కడ ఏదో ఒకటి పెరగవలెనని గ్రహించి పూలమొక్కలు, నీడచెట్లు నాటినారు. బస్సు స్టాండు, శ్మశానము, ఊరిలోకి వచ్చే రోడ్ల అంచులు ఒకదాని తరువాత ఒకటి రూపు మార్చుకున్నవి. స్వచ్ఛ చల్లపల్లి అని ఆ ఉద్యమానికి పేరు. ఉపాధ్యాయులు, రైతులు, వర్తకులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు అందులో ఉన్నారు. 2024 నవంబరుకు దానికి పదేళ్ళు నిండినవి.

ఇది చీకటివేళ మొదలైనా చాటుమాటు పని కాదు. ఇందులో మనము గమనించవలసిన అంశము మరొకటి ఉన్నది. ఒకరోజు ఛాయాచిత్రము తీయించుకొని వెళ్ళిపోయే పనికి, పదేళ్ళపాటు పొద్దున్నే లేచే పనికి ఉన్న భేదమది. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీగారు వనమహోత్సవాన్ని ప్రారంభించినారు. ఆశయము ఉత్తమమైనది. కాని ఏటేటా పాతగోతిలోనే కొత్తమొక్క నాటుతున్నామన్న పరిహాసము జనములో పుట్టినది. నాటడము ఒక పూట పని, పెంచడము మూడేళ్ళ పని కావడమే అందుకు కారణము.

ఒంటరి మనిషి ఏమి చేయగలడని కొందరు అడగవచ్చును. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్యగారు ఉండేవారు. వనజీవి అన్నది ఆయన ఇంటిపేరుగా మారినది. సైకిలుమీద విత్తనాలు, మొక్కలు కట్టుకొని బాటల వెంట, కాలువగట్ల వెంట, బడుల ఆవరణలలో నాటుకుంటూ జీవితమంతా గడిపినారు. వృక్షో రక్షతి రక్షితః అన్న పలక మెడలో వేసుకొని తిరిగేవారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మొదట నవ్వినవారు ఉన్నారు. కోటికి పైగా మొక్కలు నాటినవారని పేరు పొందిన ఆ ఉలిపికట్టెకు 2017లో ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. వెంట ధనము లేదు, అధికారము లేదు. భార్య జానమ్మగారి తోడు ఉన్నది.

ఇంతవరకు మంచి చెప్పుకున్నాము. ఇక ఇందులోని చిక్కులు కూడా చూడవలెను. మంచి మనసుతో నాటిన మొక్క చెడు చేయదన్న భరోసా ఏమీ లేదు. మన డెల్టా కాలువలను నేడు ఉక్కిరిబిక్కిరి చేస్తున్న గుర్రపుడెక్క ఎక్కడిది? దక్షిణ అమెరికా నీళ్ళలో పుట్టిన ఆ మొక్కను దాని ఊదారంగు పూల అందము చూసి ముచ్చటపడి తెచ్చినారు. నేడు ఆ అందాన్ని తీయించడానికి ప్రతి ఏడూ కూలి పోయవలసి వస్తున్నది. వంటచెరకు కోసము తెచ్చిన సర్కారు తుమ్మ తన పేరులోనే తన చరిత్ర చెప్పుకుంటున్నది. ఈ మధ్యకాలములో పట్టణాలలో త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ అనే పరదేశపు మొక్కను బారులుగా నాటినారు. దాని పుప్పొడివల్ల, వేళ్ళవల్ల ఇబ్బందులున్నవన్న ఆక్షేపణలు రాగా, తెలంగాణలో 2022లో దానిని ఇక నాటవద్దన్నారు. కనుక ఏ మొక్క అన్న ప్రశ్న ఎక్కడ అన్న ప్రశ్నకంటె చిన్నది కాదు.

రెండవ ఆక్షేపణ ఇంజనీర్లది. గట్టు మట్టికట్ట. నీటివైపు వాలులో మహావృక్షము పెరిగి, తరువాత చచ్చి వేళ్ళు కుళ్ళితే, ఆ బొరియలగుండా నీరు ఊరి గట్టు తెగే ప్రమాదము ఉన్నది. పూడిక తీసే యంత్రానికి దారి కూడా కావలెను. వారి మాట నిజము. అందుచేత నీటివైపు వాలు జోలికి పోరాదు; గట్టుమీది బాటను మూయరాదు. వెలుపలి అంచున, అదీ శాఖవారిని అడిగి, నాటవలెను. ఊరి పూలమడికి ఉత్తరువు అక్కరలేకపోవచ్చును గాని కాలువగట్టు విషయములో మూడు మండలాల పంట ఆధారపడి ఉన్నది. మరొక సంగతి. నాటిన చెట్టును కూడా మనకు తోచినప్పుడు కొట్టివేయడానికి వీలులేదు. 2002 నాటి నీరు, నేల, చెట్ల చట్టము ప్రకారము అనుమతి కావలెను. నాటేముందే తీగలు, రోడ్డు వెడల్పు చూసుకొనుట మంచిది.

మూడవది ఆక్రమణ భయము. మొదట తులసికోట, తరువాత దాని చుట్టూ తడక, ఆ తరువాత గోడ, చివరకు గోడకు తలుపు. ఈ వరుస మనకు తెలియనిది కాదు. ఊరుమ్మడి నేలలో నాటినది ఊరుమ్మడి మొక్కే కావలెను. దానికి కంచె పశువును ఆపేదిగా ఉండవలెనేగాని మనిషిని ఆపేదిగా ఉండరాదు. తెల్లవారుజామున ఎవరో వచ్చి నందివర్ధనాలు, గన్నేరులు పూజకు కోసుకుపోతే కోపగించకండి. కోసుకొనడానికి పూలున్నవంటేనే మీ పని ఫలించినట్లు.

అన్నిటికంటె బరువైన మాట ఇంకొకటి ఉన్నది. డెల్టాలో కాలువగట్లమీద వేలాది పేదకుటుంబాలు గుడిసెలు వేసుకొని బ్రతుకుతున్నవి. సెంటు భూమి లేక అక్కడికి చేరినవారు వారు. సుందరీకరణము అన్న మాట వినగానే వారి గుండెలు గుభేలుమంటవి. పూలమొక్క పేరుతో పొయ్యి ఆర్పే పని మనది కారాదు. పేదవాని పాకను పెంటకుప్పతో సమానము చేసి చూచే కన్నుకు పూల అందము తెలియదు. ఆ పాకల ముందర కొబ్బరిడొక్కలో పెంచిన కనకాంబరము, డబ్బాలో పెంచిన మరువము మీరు చూచి ఉంటారు. ఊరుమ్మడి తోటపని వారినుంచే నేర్చుకొనవలెను, వారితో కలిసే చేయవలెను. నీళ్ళు పోసేదీ, మేకను అదలించేదీ రోజూ అక్కడ ఉండే మనిషే గదా.

ఇక పనిలోకి దిగేవారికి నాలుగు మాటలు. ఐరోపాలో గెరిల్లా తోటమాలులు మే నెల ఒకటవ తేదీన పొద్దుతిరుగుడు విత్తనాలు నాటుతారు. ఆ తేదీ మనకు పనికిరాదు. అప్పటికి మన కాలువలు కట్టివేసి ఉంటారు. రోహిణి కార్తె ఎండలు ముందున్నవి. మనకు తగిన కాలము మృగశిర, ఆరుద్ర కార్తెలు. తొలకరి పడి, కాలువకు నీరు వదిలిన తరువాత నాటిన మొక్క మరుసటి వేసవిలో కాలువ కట్టేనాటికి వేళ్ళు లోతుకు దించుకుంటుంది. ఆ మొదటి వేసవి దాటిస్తే మొక్క మనదే. ఆ రెండు నెలలు వారానికి రెండుసార్లు బిందెడు నీళ్ళు పోసేవారెవరో నాటేరోజునే నిర్ణయించుకొనవలెను.

రోడ్ల అంచుల నీడకు కానుగ, వేప, పొగడ. విశాలమైన చోట నేరేడు, రేల. నీరు నిలిచే పల్లములో కానుగ, తెల్లమద్ది, కడిమి. మహావృక్షాలైన మర్రి, రావి చెరువుగట్టు దూరాన, గోడలకు ఎడముగా ఉండవలెను. చెత్త పడేమూలకు మాత్రము మొదట చెట్టు వద్దు. ముందు చెత్త ఎత్తి, పంచాయతీవారితో మాట్లాడి ఆ చెత్త వెళ్ళే దారి ఏర్పరచి, తరువాత బంతి, సీతమ్మవారి జడబంతి వంటి నెలన్నర రెండు నెలలలో పూచేవి వేయండి. దారి చూపకుండా పువ్వులు నాటితే చెత్త పక్క మూలకు జరుగుతుంది. పువ్వు కనిపించే చోట, ముగ్గు వేసిన చోట చెత్త వేయడానికి చేయి వెనుకాడుతుంది. బెంగుళూరులో 2010 నుంచి పేర్లు చెప్పుకొనకుండా వీధిమూలలు బాగుచేస్తున్న పౌరుల బృందమొకటి ఉన్నది. పని మొదలు, నోరు మూత అన్న అర్థము వచ్చే హిందీ మాటను వారు వ్రతముగా పెట్టుకున్నారు. ఫ్లెక్సీలు విరివిగా కట్టే మన సీమకు ఆ రెండవ సగము మరీ అవసరము. మొక్క పక్కన నాటినవారి పేరు పలక మొక్కకంటె ఎత్తుగా నిలబడడము మనము చూస్తూనే ఉన్నాము.

ఖర్చు సంగతి చెప్పవలెనంటే, కడియం ప్రాంతము మన పక్కనే ఉన్నది. ఎదుగుదల తగ్గి, ఆకారము చెడి బేరానికి రాని మొక్కలు ఏ నర్సరీలోనైనా కొన్ని ఉంటవి. అటువంటివాటిని ఊరి బాటకు ఇవ్వండి అని అడిగితే కాదనేవారు తక్కువ. తెలిసిన చేతులు కూడా అక్కడే ఉన్నవి. సంచులలో మట్టి నింపి, కొమ్మలు గుచ్చి, నీళ్ళు చల్లి దేశపు తోటలను పోషిస్తున్న స్త్రీలు సాయంత్రము ఇంటికి నడిచే దారిలో ఒక నీడచెట్టు, ఒక పూలమడి ఉండకపోవడము మనకు గౌరవము కాదు.

2015 పుష్కరాల తరువాత మళ్ళీ 2027లో గోదావరికి పుష్కరము వస్తున్నది. ప్రభుత్వము రేవులు కట్టిస్తుంది, దీపాలు పెట్టిస్తుంది. అది వారి పని, వారు చేయవలసినదే. లక్షలాది జనము పన్నెండు రోజులు వచ్చి వెళ్ళుతారు. కాని రేవుకు వెళ్ళే ప్రతి ఊరి దారీ, ప్రతి వంతెన మొదలూ, ప్రతి బస్సు మజిలీ ఏ పథకములోను పట్టవు. వాటిమీద పన్నెండేళ్ళపాటు నడిచేవారము మనమే. ఈ తొలకరికి మీ వీధి చివర మూలను ఒక్కసారి చూడండి. అక్కడి చెత్త ఎత్తడానికి ఇద్దరు మనుషులు, ఒక పార, ఒక గంప చాలును. ఒక కానుగ మొక్క, నాలుగు తుమ్మకంపలు, వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్ళు - లెక్క అంతే.